ఎడమ కన్ను మూయని విజయకుమారి

విజయకుమారికి ఒక కన్ను మాత్రమే మూయడం చేతకాదు. ఎడమ కన్ను మూస్తే కుడిదీ దానితోపాటే మూసుకుంటుంది. వాకాడు వైపు సముద్రపు ఒడ్డు పల్లెలో పెరిగినన్నాళ్ళూ ఆ సంగతి ఆమెకే తెలియదు. కానిస్టేబులై తుపాకి పట్టిన రోజున తెలిసింది.

శిక్షణ ఇచ్చే హెడ్ కానిస్టేబుల్ పద్మనాభయ్యకు గురి అంటే ఒకటే పద్ధతి: ఎడమ కన్ను మూయాలి. ఆమె బుగ్గ బిగించి, మూతి వంకర పెట్టి చూసింది. రెండూ మూతపడ్డాయి. గుండ్లు గురి బోర్డును తప్పి వెనక మట్టికట్టలో దిగబడ్డాయి. మరుసటి ఏడు ఫైరింగ్ పరీక్షలో ఆయన ఆమె ఎడమ కన్ను మీద ప్లాస్టర్ అంటించాడు.

"ఈమెకు కన్ను కొట్టడం గూడా రాదబ్బా" అన్నాడు అందరూ వినేట్టు.

ప్లాస్టర్ రెప్ప వెంట్రుకలను పీకడంతో రెండు కళ్ళలోనూ నీళ్ళు నిండాయి. పదిలో ఒక్కటీ తగల్లేదు.

ఆ తర్వాత ఏటా ప్లాస్టరే. సర్వీసు పుస్తకంలో 'దృష్టి లోపం, ఆయుధ విధులకు పనికిరాదు' అని రాశారు. కళ్ళు బాగున్నాయని డాక్టరు ఇచ్చిన కాగితాన్ని ఎవరూ చదవలేదు. తన తర్వాత ఉద్యోగంలో చేరినవాళ్ళు తుపాకులతో కాపలా డ్యూటీలకు పోతుంటే, ఆమె తిరునాళ్ళలో జనానికి అడ్డంగా తాడు పట్టుకుని నిలబడింది. అలా పదమూడేళ్ళు.

పోయినేడు పద్మనాభయ్య ఇంకో విభాగానికి మారాడు. ఆ స్థానంలోకి ఇందిరమ్మ వచ్చింది. ప్లాస్టర్ చుట్టతో నిలబడ్డ విజయకుమారిని చూసి, "అదెందుకు తెచ్చినావమ్మా?" అని అడిగింది.

"కన్నుకు, మేడమ్."

ఇందిరమ్మ ఆ చుట్టను తీసి పక్కన పెట్టింది. తర్వాత దూరంగా ఉన్న కరెంటు స్తంభాన్ని వేలితో చూపమంది.

"రెండు కళ్ళూ తెరిచే ఉంచు. ఇప్పుడు ఎడమ కన్నుకు చెయ్యి అడ్డం పెట్టు. వేలు జరిగిందా?"

"లేదు మేడమ్."

"కుడి కన్నుకు పెట్టు."

వేలు స్తంభం మీది నుంచి పక్కకు పోయింది.

"గురి చూసేది నీ కుడి కన్నే. ఎడమదాన్ని మూసే పనే లేదు. గొట్టం కొసనుండే మొనను చూడు. గురి బోర్డు పక్కన ఇంకో బోర్డు మసగ్గా కనిపిస్తే కనిపించనీ."

వారం రోజులు ఖాళీ తుపాకితో అలవాటు చేసుకుంది. ఫైరింగ్ రోజున పదికి ఎనిమిది కొట్టింది. చుట్టూ చప్పట్లు. ఆమెకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. వారం రోజుల పనికి పదమూడేళ్ళు నవ్వులపాలయ్యానా అనుకుంది.

వార్త విని వచ్చిన పద్మనాభయ్య, "నేను వేసిన పునాదేలే" అన్నాడు.

"మీరు వేసింది ప్లాస్టర్, సార్."

ఆఫీసుకు పోయి 'దృష్టి లోపం' అన్న మాట సర్వీసు పుస్తకంలోంచి కొట్టేయమని అర్జీ పెట్టింది. గుమాస్తా విసుక్కున్నాడు. "పాసైనావు కదమ్మా, ఇంకెందుకు?"

"పదమూడేళ్ళు నేను గుడ్డిదాన్నా? అది చెప్పండి."

నాలుగు నెలలకు జవాబు వచ్చింది. ఇకపై శిక్షణలో ఎవరి కంటికీ ప్లాస్టర్ వేయరాదట. పాత రాత మాత్రం మార్చే వీలు లేదట. తెలుసుకున్నట్టు సంతకం పెట్టమని గుమాస్తా కాగితం జరిపాడు.

విజయకుమారి పెన్ను తీసుకుని, 'చదివినాను. ఒప్పుకోను' అని రాసి, దాని కింద సంతకం పెట్టింది.