వసుంధర గారి భయాలు

మొన్న మార్కాపురం బస్టాండు ఎదుట మందుల దుకాణంలో ఎవరి చేతిలోంచో గ్రైప్ వాటర్ సీసా జారిపడింది. గాజు పగిలి తియ్యటి సోపు గింజల వాసన గుప్పుమంది. అందరూ కాళ్ళు వెనక్కి తీసుకున్నారు. నాకు మాత్రం అరచేతులకు చెమటలు పట్టాయి. పసిపిల్లల మందుకు ఈ వయసులో భయపడతావా అని నవ్వేవాళ్ళు నవ్వుకోండి. ఆ భయాన్ని నాకు అంటించి పోయిన మనిషి వసుంధర గారు.

ఆమె పిల్లల డాక్టరు. హెచ్ఐవి ఉన్న తల్లులకు పుట్టిన బిడ్డల మీద పరిశోధన చేయడానికి మా ప్రాంతానికి వచ్చారు. తల్లి జబ్బు బిడ్డకు రాకుండా మందులున్నాయి. కానీ ఆ జబ్బు తప్పించుకున్న పిల్లలు కూడా విరేచనాలతో, దగ్గుతో మిగతా పిల్లల కంటే ఎక్కువగా ఎందుకు మంచాన పడుతున్నారన్నది ఆమె ప్రశ్న. డిగ్రీ పూర్తిచేసి గిద్దలూరులో ఖాళీగా కూర్చున్న నేను, ఇళ్ళు తిరిగి పిల్లల బరువు చూసే పనికి ఆమె దగ్గర చేరాను. పలకల దుకాణం పైన అద్దెగది మా ఆఫీసు. మొదటిరోజే అడిగారు, "నీకు దేనికి భయం?" అని. "దేనికీ లేదండీ," అన్నాను గొప్పగా. ఆమె ముఖం వాడిపోయింది. "అయితే నీతో కష్టమే పాపా. నాకు అన్నిటికీ భయం," అన్నారు.

తమాషాకి అన్నారనుకున్నాను. కాదు. ఉరిమితే కిటికీలు మూసేవారు. ఆటో ఎక్కితే రెండు చేతులా కమ్మీ పట్టుకునేవారు. ఎవరైనా గట్టిగా మాట్లాడితే చెమటలు పట్టేవి. పసిబిడ్డ మడమ నుంచి రక్తం తీయాల్సి వస్తే "నాకు భయంగా ఉందమ్మా" అని పైకే అనేవారు. అప్పుడు ఆ తల్లే "ఏం కాదులేమ్మా, తీయండి" అని ఆమెకు ధైర్యం చెప్పేది. చాటుగా నేను పడీపడీ నవ్వుకునేదాన్ని.

అన్నిటికంటే ఆమెను ఎక్కువగా వణికించింది మాత్రం మా అడుగులే. "మనం ఒక్క ఇంటికే పోతే ఆ ఇంటి మీద చాటింపు వేసినట్టే," అనేవారు. అందుకని వీధిలో పసిబిడ్డలున్న ప్రతి ఇంటికీ తిరగాలి. జబ్బు లేని పిల్లల వివరాలూ పోల్చడానికి ఎలాగూ కావాలి. అసలు ఇంటికి మొదట పోకూడదు, చివరా పోకూడదు, అక్కడ ఎక్కువసేపు కూర్చోకూడదు. కాళ్ళు పీకుతుంటే ఇదెక్కడి చాదస్తమని విసుక్కునేదాన్ని.

వెలిగండ్ల వైపు ఒక పల్లె. పేరు చెప్పను, నాకు ఇప్పటికీ భయమే. అక్కడొక బాలింత ఉండేది. రమణ అందాం, అసలు పేరు అది కాదు. ఆమె జబ్బు సంగతి మొగుడికి తెలుసు, అత్తకు తెలియదు. తెలిస్తే బిడ్డతో సహా గడప దాటిస్తుందని ఆమెకు ఒకటే దడ. జబ్బు రాకుండా ఆమె బిడ్డకు రోజూ చుక్కలుగా పట్టాల్సిన మందు మేమే ఇచ్చాం.

ఒకరోజు పక్కింటి నాగమ్మ బిడ్డను తూకం వేస్తున్నాను. "నిన్నట్నుంచి కడుపునొప్పికి ఒకటే ఏడుపక్కా. రమణోళ్ళ అత్త గ్రైప్ వాటర్ ఇచ్చింది, పోసినా," అంటూ సీసా చూపించింది. మూత తీసి వాసన చూశాను. సోపు వాసన లేదు, మేమిచ్చిన మందు వాసన. రమణ మా మందును ఖాళీ గ్రైప్ వాటర్ సీసాలో పోసి దాచుకుందని అప్పుడు అర్థమైంది. అత్త పాపం నిజంగా గ్రైప్ వాటరే అనుకుంది. సీసా ఇక్కడుంటే అక్కడి బిడ్డకు మందు లేనట్టే. వెనక్కి అడిగితే ఎందుకని అత్త ఆరా తీస్తుందని రమణ నోరు మెదపలేదు. బయటికి పోయి వసుంధర గారికి ఫోన్ చేశాను.

ఆమె వచ్చి నాగమ్మ బిడ్డ కళ్ళూ ఒళ్ళూ పరీక్షగా చూశారు. సీసాలో ఉన్నది గ్రైప్ వాటర్ కాదని, వేరే మందని, ఇక పోయొద్దని చెప్పారు. అప్పటికే వీధి మూగింది. రమణ తన బిడ్డను గుండెకు అదుముకుని గుమ్మంలో నిలబడి ఉంది. "ఏం మందమ్మా అది? ఆ బిడ్డకేం జబ్బు?" అని నాగమ్మ నిలదీసింది. ఆ మాటకు వీధంతా రమణ వైపు తిరిగింది.

"జబ్బేం లేదు. తక్కువ బరువుతో పుట్టినందుకు ఇచ్చిన మందు. ఆ సీసాలో పోసింది నేనే. తప్పు నాది," అన్నారు వసుంధర గారు.

"డాక్టరువా నువ్వు? నా బిడ్డకేమన్నా అయితే నిన్ను ఊరు దాటనిస్తానా?" అని నాగమ్మ విరుచుకుపడింది. "మా ఇంట్లో ఇట్లాంటివి పెట్టి పోతారా!" అని రమణ అత్త గొంతు కలిపింది. వసుంధర గారి చీర కుచ్చెళ్ళు వణకడం నాకు కనిపిస్తూనే ఉంది. "తిట్టమ్మా, పడతాను. బిడ్డను మాత్రం రోజూ నాకు చూపించు," అన్నారు. తర్వాత, ఇలాంటి సీసాలు ఇంకెక్కడున్నాయో చూడాలంటూ వీధిలోని ఇళ్ళన్నీ తిరిగారు. వరస మధ్యలో రమణ ఇల్లు వచ్చినప్పుడు అక్కడ కొత్త మందు పెట్టి వచ్చారు.

తిరుగు దారిలో ఆటో ఆపించి వాంతి చేసుకున్నారు. "మందు గురించి భయపడ్డాం గానీ, ఆమె దాన్ని ఎక్కడ దాచుకుంటుందో అడగలేదు పాపా," అని ఏడ్చారు. ఆ తర్వాత నేనెప్పుడూ ఆమెను చూసి నవ్వలేదు.

నాగమ్మ బిడ్డకు ఏమీ కాలేదు. మందు తప్పినందుకు రమణ బిడ్డకు ఏమైందో తెలియాలంటే మాత్రం నెలల తరబడి ఆగాలి. ఆఖరి పరీక్షలోనూ జబ్బు లేదని తేలినప్పుడు నేను లేచి చెప్పులు వేసుకున్నాను. "పరుగెత్తకు. మన వంతు రోజున, వరసలోనే వెళ్ళు," అన్నారామె. అంత మంచి మాట నోట్లో పెట్టుకుని, ముందున్న ఇళ్ళన్నిట్లో పిల్లల్ని తూచాను. రమణ చెవిలో చెప్పగానే ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ వెంటనే, లోపలున్న అత్తకు వినబడేలా "బరువెంత ఉందక్కా?" అని అడిగింది.

పరిశోధన ముగిసి వసుంధర గారు వెళ్ళిపోయారు. కొన్నేళ్ళకు ఈ లోకం నుంచే వెళ్ళిపోయారని విన్నాను. నేను ఇంకా ఇళ్ళు తిరిగి పిల్లల్ని చూసే పనిలోనే ఉన్నాను, ఆమెలాగే భయపడుతూ. పోయిన నెల గిద్దలూరు స్టేషనులో రమణ ఎదురుపడింది. పక్కన అత్త, చేయి పట్టుకుని ఏపుగా ఎదిగిన కూతురు. ఆ పిల్లను ఒక్కసారి దగ్గరకు తీసుకోవాలని ప్రాణం కొట్టుకుంది. పలకరిస్తే చాటింపు వేసినట్టేనని చూపు తిప్పుకుని నడిచాను. వెనక నుంచి ఆ పిల్ల గొంతు వినిపించింది. "ఎవరమ్మా ఆయమ్మ? మన దిక్కే చూసింది."

"ఏమో, నాకు తెలీదు," అంది రమణ.

హమ్మయ్య అనుకున్నాను.