మోటారు విప్పుకొచ్చిన కౌన్సిలరు

సంస్మరణ సభలో చదవాల్సిన కాగితం మున్సిపల్ గుమాస్తా తెచ్చేసరికి, వైండింగాయన కూతురు కాలిపోయిన మోటారు ముందేసుకుని లోపలి తీగలు పీకుతోంది. చేతులనిండా మసి. కాగితాన్ని బల్ల మీద పెట్టించి, నిలబడే చదివింది. చదువుతున్నకొద్దీ ఒళ్ళు మండింది.

"ఎవరండీ ఈయన?" అంది.

"అదేమిటమ్మా, మీ నాన్నగారే."

"ఏనాడూ ఎవరినీ నొప్పించని సౌమ్యుడా మా నాన్న? మిమ్మల్నే ఎన్నిసార్లు తిట్టలేదు?"

"తిట్టారు లెండి," ఒప్పుకున్నాడు గుమాస్తా.

పోయిన నెల కన్నుమూసిన ఆ మనిషి పదిహేనేళ్ళు కౌన్సిలరు, నలభై ఏళ్ళు కాలిన మోటార్లకు కొత్త తీగ చుట్టే వైండింగు మెకానిక్కు. షాపు, ఆఫీసు, ఇల్లు ఒకే కప్పు కింద. అర్జీ తెచ్చినవాడి చేతికి రాగి తీగ ఒక కొస ఇచ్చి, రెండో కొస తను చుడుతూ గోడు వినేవాడు. వంటగది గుమ్మం దాకా మోటార్లే. "వీటిక్కూడా కంచాలు పెట్టనా?" అని భార్య దెప్పేది. ఆయన చెవిన వేసుకుంటేనా!

పొగడ్తలనైతే కూతురు ఎలాగో మింగేది. మింగుడుపడనిది చివరి వాక్యం. మురుగు కాలువ పక్కనున్న పాత మంచినీటి పైపును అప్పటి చైర్మన్ తన దూరదృష్టితో మార్పించారట, ఈయన సహకరించారట. అప్పటి చైర్మన్ ఇప్పటి చైర్మన్‌కు కన్నతండ్రి. పంప్‌హౌస్‌కు వైండింగాయన పేరు పెడుతున్నది ఈ కొడుకే. అక్కడి మోటార్ల మరమ్మతు ఇప్పటికీ ఈ షాపుదే. షాపులోని నలుగురు పనివాళ్ళ ఇళ్ళు నడిచేది ఆ పని మీదే.

"ఉన్నదున్నట్టు చదివేయండమ్మా," గొంతు తగ్గించాడు గుమాస్తా. "ఒక్క ముక్క అటూ ఇటూ అయితే పేరూ ఉండదు, పనీ ఉండదు. చైర్మన్‌గారు చెప్పమన్నారు."

దూరదృష్టి! ఇరవై రెండేళ్ళ కిందట ఊళ్ళో ఇంటికొకరు వాంతులతో మంచం పట్టారు. బావి నుంచి పంప్‌హౌస్‌కు నీళ్ళు తెచ్చే పైపు పగిలిందని వైండింగాయన ప్రతి సమావేశంలోనూ మొత్తుకున్నాడు. చూద్దామన్నారు. చూడలేదు. ఇంతలో పంప్‌హౌస్ మోటారు కాలింది. అంత పెద్ద మోటారు చుట్టగలిగినవాడు ఊళ్ళో ఆయనొక్కడే. ఊరు ఎండిపోతోందన్న తొందరలో పైపు సంగతి పక్కన పెట్టి, రెండు రోజులు షాపు దిగకుండా చుట్టి బిగించాడు. మునుపటికంటే జోరుగా లాగింది మోటారు. ఎంత జోరుగా లాగితే పగుళ్ళలోంచి మురుగు అంత లోపలికి వచ్చింది. వారం తిరక్కుండా ఎదురింటి పసిపిల్ల పోయింది.

"ఈ చేతులతోనే దానికి మురుగు తాగించాను," అంటూ అన్నం ముందు నుంచి లేచిపోయాడాయన. మర్నాడు పొద్దున్నే పంప్‌హౌస్‌కెళ్ళి, బోల్టులు విప్పి, మోటారును తోపుడుబండి మీద షాపుకు తెచ్చేశాడు. పైపు మార్చేదాకా ఇవ్వనన్నాడు. పోలీసులొస్తే, "తీసుకెళ్ళండి, లోపల తీగ పీకేశాను, తిరగదు," అన్నాడు. ఐదు రోజులు కొళాయిల్లో చుక్క రాలేదు. బిందెలతో వచ్చి, షాపు ముందు నిలబడి దుమ్మెత్తిపోశారు జనం. ఆరో రోజు పైపు తవ్వకం మొదలైంది. ఆ ఏడే జరిగిన ఎన్నికల్లో ఆయన చిత్తుగా ఓడిపోయాడు.

గుమాస్తా వెళ్ళాక కూతురు పనివాళ్ళను పిలిచి విషయం చెప్పింది. "పంప్‌హౌస్ పోతే పోయింది. మోటార్లు ఎక్కడో ఒకచోట కాలకపోవు కదక్కా," అన్నాడు అందరికంటే పాతవాడు. అమ్మ సభకు చీర తీసి పెట్టుకుంది.

సభలో కూతురు మైకు ముందుకొచ్చి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బల్ల మీద పడేసింది. పైపు, పసిపిల్ల, తోపుడుబండి, పోలీసులు, ఒక్కటీ వదలకుండా చెప్పింది. చైర్మన్ దగ్గాడు. తర్వాత లేచి నిలబడ్డాడు.

"ఇది రాజకీయాలు మాట్లాడే చోటు కాదమ్మా."

"మా నాన్న పదిహేనేళ్ళు చేసింది రాజకీయమేనండీ. కూర్చోండి, ఇంకా అయిపోలేదు."

ఆయన కూర్చోలేదు. ఆమె ఆగనూ లేదు.

"ఆయన్ని తిట్టినవాళ్ళు ఇక్కడే ఉన్నారు. మొహాలు నాకు గుర్తే. కానీ మిమ్మల్ని అనే మొహం నాకు లేదు. ఆ ఎన్నికల్లో నాది మొదటి ఓటు. ఎక్కడికెళ్ళినా నీళ్ళాపినవాడి కూతురన్నారు. ఆ కసితో అవతలివాళ్ళకి వేసొచ్చాను. ఆయన పోయేదాకా చెప్పలేకపోయాను. పంప్‌హౌస్‌కి పేరు పెడతారో మానేస్తారో మీ ఇష్టం. పని ఇస్తారో పీకేస్తారో అదీ మీ ఇష్టం. నేను క్షమించమని అడగాల్సింది మోటారు విప్పుకొచ్చినాయన్ని. మీ కాగితంలో ఉన్న సౌమ్యుడు నాకెవరో తెలీదు."

చైర్మన్ దిగి వెళ్ళిపోయాడు. వెనక గుమాస్తా, గుమాస్తా చంకలో పేరు రాసిన బోర్డు. పంప్‌హౌస్ పని కూడా ఆ బోర్డుతోనే పోయిందని అందరికీ అర్థమైంది. కూతురు వచ్చి అమ్మ పక్కన కూలబడింది.

"ఆయనకి తెలుసే," అంది అమ్మ, ముందుకే చూస్తూ.

"ఏం తెలుసు?"

"ఓటేసొచ్చి ఆయన మొహం చూడకుండా లోపలికెళ్ళిపోయావు. 'అది మనకి వెయ్యలేదే, దాన్నేమీ అడక్కు, భయం లేకుండా తనకి తోచినట్టు వేసుకుంది' అన్నాడు నాతో. మర్నాడే కదూ, పని నేర్పుతాను రమ్మని నిన్ను షాపులోకి పిలిచింది."