ఆరడుగుల దూరంలో మావయ్య

మా మావయ్య దర్జీ. కొలవకుండా గుడ్డలో కత్తెర పెట్టని మనిషి, కొలవకుండా ఫొటో మాత్రం ఎందుకు తీస్తాడు? ఆయన దగ్గర పాత మడత కెమెరా ఉండేది. మీట నొక్కితే తోలు మడతలు తెరుచుకుని లెన్సు ముందుకొచ్చేది. మనిషి ఎన్ని అడుగుల దూరంలో ఉంటే లెన్సు చుట్టూ ఉన్న చక్రాన్ని ఆ అంకెకు తిప్పాలి. తక్కినవాళ్ళు కంటితో అంచనా వేసేవారు. మావయ్య రెండు టేపులు కలిపి కుట్టుకుని, ఒక కొస కెమెరా దగ్గర తను పట్టుకుని, రెండో కొస మన ముక్కు మీద పెట్టించేవాడు.

"ఫొటోకా, చొక్కాకా?" అని నవ్వుతూ అడగని చుట్టం లేడు. ఆ నవ్వు ఆరకముందే నొక్కేసేవాడు. ఎప్పుడూ ముఖం మాడ్చుకుని ఉండే మా నాన్న కూడా ఆ ఆల్బంలో నవ్వుతూనే ఉంటాడు.

అందులో లేనిది మావయ్య ఒక్కడే. కెమెరాను పరాయి చేతికిస్తే ప్రాణం పోయినట్టు ఉండేది ఆయనకు. అత్తయ్యకు అదే దిగులు.

"ఊరందరూ ఉన్నారు, మీరే లేరు."

"తీసేవాడే దిగితే ఎలాగే?"

ఒకరోజు షాపువాడు ఇక రీళ్ళు రావని చెప్పి చివరిది చేతిలో పెట్టాడు. రీలుకు ఎనిమిదే ఫొటోలు. ఏడు అయిపోగానే అత్తయ్య కెమెరా లాగేసుకుంది.

"ఎనిమిదోది నాది. వెళ్ళి మిషను దగ్గర కూర్చోండి."

మావయ్య మారుమాట్లాడకుండా కూర్చోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. అత్తయ్య చక్రాన్ని ఆరు మీద పెట్టి, టేపును ఆరో అడుగు దగ్గర బొటనవేలితో కెమెరాకు నొక్కిపట్టింది. మావయ్య కొసను ముక్కుకు ఆనించుకుని, టేపు బిగిసేదాకా వెనక్కి జరిగాడు.

"సరిపోయిందా?"

"సరిగ్గా ఆరు" అంటూనే నొక్కేసింది. టేపు వదలమని చెప్పడమే మరిచిపోయింది.

ఫొటోలో మావయ్య కనురెప్పల వెంట్రుకలు కూడా లెక్కపెట్టవచ్చు. ముక్కు మీద నుంచి టేపు మన వైపుకొచ్చి ఫొటో కింది అంచు దగ్గర ఆగిపోతుంది.

మావయ్య పోయాక గోడకు పెట్టడానికి మాకు మిగిలింది అదొక్కటే. నేను తెలివి మీరి, స్టూడియోలో టేపు చెరిపించి, పెద్దది చేయించి తెచ్చాను. అత్తయ్య చాలాసేపు చూసి పక్కన పెట్టింది. నాకు సిగ్గేసింది.

"పాతదే ఫ్రేము కట్టించుకురా" అంది మెల్లగా. "ఇవతలి కొస నేను పట్టుకుని ఉన్నానుగా. అది తీసేస్తే ఆయన ఎవరిని చూస్తున్నట్టురా?"