మేస్త్రి ఇంట్లో మోగని ఫోను

మా వీధిలో అందరూ ఆయన్ని పగుళ్ల మేస్త్రి అంటారు. గోడలు పగలగొడతాడని కాదండోయ్, పగులు కనిపిస్తే ఆయనకి పరమ అసహ్యమని! మనింటికొచ్చి మంచినీళ్లు అడుగుతాడు. గ్లాసు చేతిలో ఉండగానే కళ్లు గోడ మీదికి పోతాయి. కిటికీ మూల వెంట్రుకంత గీత ఉందా, "ఛీ! ఎవడండీ ఇది పూసింది?" అని మొహం చిట్లించి, నీళ్లు తాగకుండానే గ్లాసు పెట్టేస్తాడు. ముప్పై ఏళ్లుగా గోడలకి సిమెంటు పూయడమే ఆయన పని.

ఇటుకగోడా కాంక్రీటు స్తంభమూ కలిసేచోట పూత పగులుతుంది. అందుకని అక్కడ జానెడు వెడల్పున, కోళ్లగూళ్లకి వాడే ఇనుపవల బిగించి, దానిమీద పూస్తారు. అందరూ అతుకుల దగ్గరే వేస్తారు. మన మేస్త్రి సొంత ఇల్లు కట్టుకున్నప్పుడు మాత్రం గోడగోడంతా వేశాడు. నాలుగు వైపులా, పైకప్పు కిందా, ముక్కకీ ముక్కకీ తీగతో కుట్లు వేసి మరీ! కిటికీ అద్దాలకేమో ఎండ రాకుండా వెండిలా మెరిసే ఫిల్ము. "ఇప్పుడు పగలమను చూద్దాం!" అని తొడ కొట్టాడు.

ఆ ఇంట్లోకి మారిన మూడు వారాలకి, నేను పనిచేసిన బడికి కొత్త గదులు కడుతున్నారని తెలిసింది. మంచి పనివాడెవరని ఇంజినీరు అడిగితే మేస్త్రి గురించి చెప్పాను. "సోమవారం తొమ్మిదికి ఫోన్ చేస్తాను. వచ్చి నమూనా పూసి చూపించాలి. ఎత్తలేదంటే నాకు ఇంకొకడున్నాడు" అన్నాడాయన. మేస్త్రి పొంగిపోయాడు. మోకాళ్లు అరిగాయి, అంతస్తుల మేడలెక్కలేడు. నేలమీద నిలబడి పూసే ఈ పని కూడా పోతే ఇక తాపీ మూల పడేయడమే.

సోమవారం పది దాటాక ఇంజినీరు నాకు చేశాడు. "ఏం మనిషిని చెప్పారు టీచరుగారూ! ఏడుసార్లు చేశా. అందుబాటులో లేడట. ఆ రెండోవాణ్ణి పిలిచేశా." నాకు తల కొట్టేసినట్టయింది. ఒకటి నాదీ ఒకటి మా ఆయనదీ చెప్పులేసుకుని పరిగెత్తాను.

మేస్త్రి ఇస్త్రీ చొక్కా వేసుకుని, బల్లమీద ఫోను పెట్టుకుని, దాన్ని ఉరిమి చూస్తున్నాడు.

"మనుషులేనా వీళ్లు? ఎనిమిదింటినుంచి దీని మొహమే చూస్తున్నా. మూడు వారాల్నుంచీ ఒక్కడూ చెయ్యలేదు. నా చెయ్యి పాతబడిందని మొహమ్మీదే చెప్పొచ్చుగా? థూ!"

"నువ్వే ఎత్తలేదటయ్యా! ఏడుసార్లు చేశాడట."

"కుళ్లు అబద్ధం!"

వంటింట్లోంచి వాళ్లావిడ వచ్చింది. "చూడండక్కా, మా చెల్లితో మాట్లాడాలంటే నేను పెరట్లో చెత్తబుట్ట పక్కన నిలబడాలి. ముక్కు మూసుకుని మాట్లాడతా. నాకు జలుబు తగ్గట్లేదని అది బెంగపెట్టుకుంది. చెబితే ఈయన వింటేగా!"

"నీది చవకరకం ఫోను" అన్నాడు మేస్త్రి.

ఆయన ఫోను పట్టుకుని గడప దాటాను. రెండు నిమిషాల్లో టింగుమంటూ ఏడు మిస్డ్ కాల్సూ వచ్చిపడ్డాయి. "టవరు ఇప్పుడే బాగయ్యుంటుంది" అన్నాడు మొండిగా. ఇలాంటివాళ్లకి మాటలు కాదు, ప్రయోగం చేసి చూపించాలి. పెరట్లో మిగిలిన వలచుట్ట తెచ్చాను. గుమ్మం బయటే ఆయన ఫోనుకి ఒక చుట్టు చుట్టి, నా ఫోనుతో చేస్తే మోగింది. మేస్త్రి నవ్వాడు. ఇంకో నాలుగు చుట్లు చుట్టి, రెండు చివర్లూ మడిచి మళ్లీ చేశాను. అందుబాటులో లేరు!

"ఇటుక ఒక్కటే అయితే ఫోను తరంగాన్ని కొంత తగ్గిస్తుంది, అంతే. లోహం వెనక్కి కొట్టేస్తుంది మేస్త్రీ. నీ గోడల్లో వల, అద్దాలకి ఆ మెరిసే ఫిల్ము. ఇంకెటునుంచి వస్తుంది పాపం?"

ఆయన ఇంటిని కిందినుంచి పైదాకా చూశాడు. "నాకు నేనే కోళ్లగూడు కట్టుకున్నానా? ఛీ! కోళ్లే నయం, వాటి కూతన్నా బయటికి వినిపిస్తుంది."

అదే చెత్తబుట్ట పక్కన ముక్కు మూసుకుని ఇంజినీరుకి ఫోన్ చేసి బతిమాలాను. "పన్నెండులోపు వస్తే పక్కగోడ పూయమనండి. రెండూ చూస్తా" అన్నాడు.

మేస్త్రి వెళ్తూనే రెండోవాడి నమూనా చూశాడు. "ఇది పూతా? ఎవరో పుక్కిలించి ఉమ్మినట్టుంది!"

"మీరు గోడంతా వల వేస్తారటగా?" అని ఇంజినీరు అడిగాడు.

మేస్త్రి గోడ అతుకు మీద వేలు పెట్టాడు. "వద్దు. అతుకుల దగ్గర చాలు. అంతా వేస్తే లోపల టీచర్ల ఫోన్లు చస్తాయి."

"మీకెలా తెలుసు?"

"తెలుసులెండి" అని తాపీ అందుకున్నాడు.

మర్నాడు తొమ్మిదికి చెబుతానన్నాడు ఇంజినీరు. గోడ కొట్టి వల కోయడానికి మేస్త్రికి చేతులు రాలేదు. బయట, గుమ్మం పక్కన ఒక మేకు కొట్టి, గుడ్డసంచిలో ఫోను వేలాడదీశాడు. తొమ్మిదింటికి మొదటి మోతకే ఎత్తాడు. రెండోవాడి పూత ఆరేసరికి అతుకు పొడుగునా విచ్చుకుందట. పని మేస్త్రిదే.

ఇప్పటికీ ఫోను ఆ సంచిలోనే. మోగగానే ఇంట్లోంచి ఉరుకుతాడు. ఆ మేకు కొట్టినచోట గోడ వెంట్రుకంత పగిలింది. సంచిలో చెయ్యి పెట్టిన ప్రతిసారీ అది ఆయన కంటికెదురుగా ఉంటుంది. అవతల ఎవరున్నా సరే, ముందు వాళ్లకి వినపడేది ఒకటే మాట.

"ఛీ! ...హలో?"