నాలుగు వన్స్ మోర్‌లు

రాజు పద్యం పాడుతున్నంతసేపూ మంత్రి చేతులు కట్టుకుని పక్కన నిలబడాలి. ముఖంలో భక్తి కనపడాలి. మూడు వేసవులు ఆ మంత్రిని నేనే. మొదటి రెండు వేసవుల్లో అదేమంత కష్టంగా ఉండేది కాదు. అప్పటి రాజుకు యాభై దాటాయి, మోకాళ్ళ నొప్పులు, ఇవాళో రేపో దిగిపోతాడు, తర్వాత కిరీటం నాదేనని ధీమాగా ఉండేవాణ్ణి. మూడో వేసవికి ఆయన నిజంగానే మానుకున్నాడు. కిరీటం మాత్రం నా తలమీదికి రాలేదు.

మాది చౌటుప్పల్ దగ్గర మగ్గాలున్న ఊరు. బాపు చీరలు నేస్తాడు. నేను నల్గొండలో డిగ్రీ చదువుతూ, సెలవులివ్వగానే పెద్దసారు నాటక బృందంలోకి పరుగెత్తేవాణ్ణి. పెద్దసారు రిటైరైన తెలుగు పంతులు. తెలంగాణ వచ్చిన కొత్తలో, మన కథలు మనమే ఆడుకోవాలని పట్టుబట్టి ఒక పద్యనాటకం రాశారు. కరువు పట్టిన రాజ్యంలో చెరువు తవ్వించే రాజు కథ. ఏప్రిల్ నుంచి తొలకరి పడేదాకా, పొలం పనులు లేని రోజుల్లో, నల్గొండ వైపు మొదలుపెట్టి పాలమూరు వైపు దాకా ఊరూరా ఆడేవాళ్ళం. సెలవుల్లో ఖాళీగా ఉన్న బడి గదులే మాకు బస. బృందంలో పేర్లతో పిలుచుకునే అలవాటు లేదు. ఏ ఊరివాడికి ఆ ఊరే పేరు. నేను చౌటుప్పల్.

ఆ మూడో వేసవిలోనే మర్రిగూడ వచ్చాడు. దర్జీ కొడుకు, తనూ దర్జీయే, నా ఈడువాడు. వేషాల బట్టలు చినిగిపోయాయని పెద్దసారు కుట్టుపనికి పిలిపించారు. బడి వరండాలో మిషన్ వేసుకుని, మేం రిహార్సల్ చేస్తుంటే లోపల్లోపల కూనిరాగం తీసేవాడు. వారం తిరిగేసరికి అందరి పద్యాలూ అతని నోట్లో ఉన్నాయి. పెద్దసారు చెవిన పడనే పడ్డాయి.

నాటకానికి ప్రాణం ఒక్క పద్యం. ఎంత తవ్వినా చెరువులో నీటిచుక్క పడదు. రాజు నేలమీద మోకరిల్లి, భూమిని నీళ్ళడుగుతూ పాడతాడు. ఆ పద్యాన్ని నేను రెండేళ్ళు సాధన చేశాను. బాపు మగ్గం పక్కన కూర్చుని పాడేవాణ్ణి, బస్సులో కిటికీ పక్కన పాడేవాణ్ణి. అవ్వ విసుక్కునేది. "గా నీళ్లేవో భూమాతనెందుకడుగుడు, నల్ల కాడికి పోయి బిందె పట్కరారాదుర" అనేది.

పెద్దసారు మా ఇద్దరినీ కూర్చోబెట్టి ఆ పద్యమే పాడించారు. నేను రాగం సాగదీసి, విరిచి, తిప్పి, నాకొచ్చిన విద్యంతా చూపించాను. మర్రిగూడ సూది చొక్కాకు గుచ్చుకుని, కూర్చున్నచోటే పాడాడు. హార్మోనియం వాయించే తాత తర్వాతి మెట్టు నొక్కడం మరిచిపోయాడు.

"నువ్వు మంచిగనే పాడినవ్ బిడ్డా" అన్నారు పెద్దసారు నాతో. "గానీ వాడు పద్యం పాడుతలేడు. నీళ్లడుగుతాండు."

మర్రిగూడ ఫ్లోరైడ్ నీళ్ళ సంగతి మా జిల్లాలో ఎవరికీ చెప్పక్కర్లేదు. అతని పళ్ళమీద గోధుమరంగు మచ్చలుండేవి. నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు. నా కుళ్ళు ఎంతదాకా పోయిందంటే, ఆ పళ్ళను చూసి కూడా కుళ్ళుకున్నాను. నేనూ అలాంటి నీళ్ళే తాగి పెరిగుంటే ఆ పద్యం నాకే దక్కేది కదా అనుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది. అప్పుడు వేయలేదు.

ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని బృందంలో ఎవరో నవ్వారు. నేనూ నవ్వాను. ఆ పూట అన్నం సయించలేదు.

పద్యం నచ్చితే జనం వన్స్ మోర్ అంటారు. అంటే రాజు మళ్ళీ పాడాల్సిందే. అడిగిన ఊరికి లేదనకూడదు, లేదంటే ఆ ఊరిని అవమానించినట్టే అని పెద్దసారు నియమం. ఆ పాట ఆగేది ఒక్క మాటతోనే. మంత్రి ముందుకొచ్చి "ప్రభూ, నీరు పడింది" అనాలి. అంతటితో సీను మారుతుంది. ఆ మాట అనేవాణ్ణి నేను. ఇది గుర్తుపెట్టుకోండి.

మర్రిగూడకు మొదటి ఊళ్ళోనే వన్స్ మోర్ పడింది. తర్వాత ప్రతి ఊళ్ళోనూ పడింది. పదింటికల్లా మైకు బంద్ చేయమని పోలీసులు చెప్పేవాళ్ళు కాబట్టి, అతను రెండోసారి పాడిన ఆ కాసేపూ చివరి సీనులో కోసేవాళ్ళు. చివరి సీనులో ఉన్న ఒక్కగానొక్క పద్యం నాది. కొన్ని ఊళ్ళలో సగం పాడాను, కొన్ని ఊళ్ళలో ఒక్క పాదం. హార్మోనియం శ్రుతి కుదరడం లేదని తాతతో తగువు పెట్టుకున్నాను. ఆడలేక మద్దెల ఓడు అంటారే, అది నేనే.

తెల్లారితే ఆడవాళ్ళు అతన్ని వెతుక్కుంటూ బడికి వచ్చేవాళ్ళు. ఒకామె జొన్నరొట్టెలు తెస్తే ఇంకొకామె మామిడిపళ్ళు. ఒక ముసలవ్వ రెండు చేతులతో అతని ముఖం నిమిరి "మా ఊరి బాధ నీకెట్ల తెల్సు కొడుకా" అంది. వచ్చినవన్నీ తెచ్చి మొదట నా ముందు పెట్టేవాడు. చెడ్డవాడైతే నాకెంత సుఖంగా ఉండేదో. రొట్టె తింటూనే అతన్ని తిట్టుకునేవాణ్ణి.

పాలమూరు వైపు ఒక పెద్ద ఊళ్ళో దిగిన రోజు, పొద్దున పళ్ళు తోముకుంటుంటే పక్కకొచ్చాడు.

"గొంతు గరగర అంటాందన్నా" అన్నాడు. "ఇయ్యాల ఒక్కసారే పాడగలుగుత. మల్లడిగితే, నువ్వు జర జల్ది నీరు పడిందను."

"ఫికర్ చెయ్యకు" అన్నాను.

మధ్యాహ్నం చాయ్ హోటల్ దగ్గర ముగ్గురు పడుచువాళ్ళు నాటకం గురించి అడిగారు. వాళ్ళకు చాయ్ తాగించి చెప్పాను. "మా రాజుకు వన్స్ మోర్ అంటే పానం. ఎన్నిసార్లంటే గంత ఉషారొస్తది. ఇడిసిపెట్టకున్రి." వాళ్ళు సంబరంగా తలూపారు. గొంతు పోతే వేషం నాదవుతుందని నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే దారి లేదు.

ఆ సాయంత్రం మొదటి వన్స్ మోర్ జనం వాళ్ళంతట వాళ్ళే అన్నారు. మర్రిగూడ నా వైపు చూశాడు. నేను కాళ్ళవైపు చూసుకున్నాను. పాడాడు. ఆపేసరికి ఆ ముగ్గురూ లేచారు, వాళ్ళ వెనక ఊరంతా అందుకుంది. మూడో వన్స్ మోర్‌కు అతని మెడ నరాలు ఉబ్బి కనపడ్డాయి. రెండు అడుగులు ముందుకేసి ఒక్క మాట అంటే అయిపోయేది. నాలుక మీద ఆ మాటను అలాగే అదిమిపెట్టి, ముఖంలో భక్తి చూపిస్తూ నిలబడ్డాను. నాలుగో వన్స్ మోర్‌కు పైస్థాయిలో గొంతు చీలింది. రాజు ఏడుస్తున్నాడనుకుని జనం చప్పట్లు కొట్టారు. అప్పుడు అన్నాను, నీరు పడిందని.

పదయింది. మైకు కట్టేశారు. నా పద్యం ఆ ఊళ్ళో ఒక్క పాదం కూడా పాడలేదు.

మర్నాటికి అతనికి మాట రాలేదు. మహబూబ్‌నగర్ దవాఖానకు తీసుకుపోయాం. పదిహేను రోజులు ఒక్క మాట మాట్లాడొద్దు, మాట్లాడితే గొంతు ఉన్నదీ పోతుంది అన్నాడు డాక్టర్. తిరిగొచ్చాక పెద్దసారు నా భుజం మీద చెయ్యేశారు. "చౌటుప్పల్, కోటు నువ్వే తొడుక్కో ఇగ." ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన మాట అది. వినేసరికి నోరు చేదయింది, అయినా లోపల ఎక్కడో సంతోషం వేసింది.

రాజు కోటు నాకు వదులు. మర్రిగూడ ఛాతీ ఉన్న మనిషి, నేను పుల్లలా ఉండేవాణ్ణి. దాన్ని నా కొలతకు కుట్టిందీ అతనే. టేపు నా వీపు మీద పెట్టి, భుజాలు సరిచేసి, చంక కింద సుద్దతో గీతలు గీశాడు. తర్వాత అదే సుద్దతో బడి నల్లబోర్డు మీద రాశాడు: "నీళ్లు అనేకాడ దమ్ము తీస్కోకు అన్నా. ముందే తీస్కో." నాకు పాఠం చెప్పేంత వాడయ్యాడా అని మండింది. మండినా, ఆ మాట పాటించాను.

రెండు రోజుల తర్వాత ఇంకో ఊళ్ళో నేను రాజునయ్యాను. మోకరిల్లాను, పాడాను, నీళ్ళు అనే చోటికి ముందే దమ్ము తీసుకున్నాను. చప్పట్లు కొట్టారు. పెళ్ళిలో మైకు ఆపినప్పుడు కొడతారే, అలాంటి చప్పట్లు. నేను తలెత్తకుండా ఎదురుచూశాను. ఎవరూ ఏమీ అనలేదు. కొత్త మంత్రి ముందుకు అడుగేశాడు.

అప్పుడు పక్క పరదా చాటునుంచి రేకు గీసినట్టు ఒక గొంతు వినిపించింది. "వన్స్ మోర్."

ఆ గొంతుకు జనం నవ్వారు. నవ్వులోనే ముందు వరసలో ఇద్దరు ముగ్గురు అందుకున్నారు, తర్వాత ఇంకొందరు. నేను మళ్ళీ పాడాను. ఎలా పాడానో గుర్తులేదు. దిగొచ్చేసరికి పెద్దసారు మర్రిగూడను పట్టుకుని తిడుతున్నారు. డాక్టర్ ఏం చెప్పిండు, నువ్వేం చేసినవ్ అని. అతను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నాడు.

మాట తిరిగొచ్చింది. పైస్థాయి రాలేదు. నాలుగుసార్లు మళ్ళీ మళ్ళీ పాడినందుకు పోయిందో, ఆ ఒక్క కేక వేసినందుకు పోయిందో నేను ఏ డాక్టర్‌నీ అడగలేదు. తొలకరి పడగానే అతను మర్రిగూడ వెళ్ళి కొట్టు పెట్టుకున్నాడు. అప్పటినుంచి ప్రతి వేసవీ రాజును నేనే. మంచి రాజునే అంటారు. అయినా ప్రతి ఏడూ పాలమూరు వైపు ఎవరో ఒకరు అడుగుతారు, "గప్పుడొచ్చిన రాజేడి?" అని.

ఈ వేసవిలో కోటు బిగుతైంది. నాకూ పొట్ట వచ్చింది. వేరే దర్జీ దగ్గరికి పోవచ్చు, కానీ మర్రిగూడకే పోయాను. కోటు సాకు. ఇన్నేళ్ళూ కడుపులో పెట్టుకున్నది చెప్పేద్దామని పోయాను.

అతను కుట్టు విప్పాడు. లోపల గుడ్డ కత్తిరించకుండా, జానెడు మడత మడతగానే ఉంది.

"అప్పుడు కోయలేదన్నా" అన్నాడు బొంగురుగా. "గొంతు బాగయితే మల్ల నేనే తొడుక్కుంట గదా అని జాగా ఉంచిన. ఇప్పుడు నీకు అక్కరకొచ్చింది." ఈసారి నవ్వుకు చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

నేను గొంతు సవరించుకున్నాను. "గా ఊళ్లె, గా పొద్దు నీకు పడ్డ వన్స్ మోర్‌లున్నయి సూడు..."

"నాలుగు" అన్నాడు వెంటనే. నా మాట పూర్తి కానివ్వలేదు. "నాలుగుసార్లన్నా. ఊరూరంతా లేసి అడిగిన్రు. గొంతు పోయిందంటే పోయింది, గంత మంది అడిగినంక ఏముంది ఇగ. ఇంట్ల చెప్తే ఎవ్వరు నమ్మరు. నువ్వు పక్కనే ఉంటివి గదా, జర చెప్పన్నా." వెనక్కి తిరిగి కూతుర్ని పిలిచాడు. ఏడెనిమిదేళ్ళ పిల్ల దారం రీళ్ళ డబ్బా చేత్తో పట్టుకునే వచ్చి నిలబడింది.

ఆ నాలుగింటిలో మూడు నేను చాయ్ తాగించి కొన్నవని చెప్పడానికే వచ్చాను. చెబితే అతనికి మిగిలేది ఒకటి. నాకున్నదీ ఒకటే, అది కూడా అతనిచ్చిందే.

"నిజమేనా చాచా?" అంది పిల్ల.

"నిజమే బిడ్డా" అన్నాను. "నాలుగు."

ఆ పిల్ల తిరిగి తండ్రిని చూసింది. ఆ చూపు చూసి, ఇన్నేళ్ళ తర్వాత కూడా, నాకు కడుపు మండింది.