బతుకమ్మకు కట్టిన నీలి తాడు

నాయన సరూర్‌నగర్ చెరువులో మోటారు పడవ నడిపేవాడు. చేపలు పెంచే సర్కారు ఆఫీసుది ఆ పడవ. వెనక తగిలించిన మోటారు వయసులో నాకంటే పెద్దదనేవాడు. అప్పటికి నాకు పదిహేడేళ్లు. ఏడో తరగతితో బడి మానేశాను కాబట్టి మధ్యాహ్నం కర్మన్‌ఘాట్ నుంచి చెరువు కట్ట దాకా ఇత్తడి కారియర్ మోసుకుపోవడం నా పని. అన్నం ఇచ్చి ఊరికే వచ్చేదాన్ని కాదు. పడవెక్కి ఒక చుట్టు తిరిగితే గాని కాళ్లు ఇంటి వైపు పడేవి కావు.

తెలంగాణ గొడవల ఏడాది అది. ఆ రోజు కూడా బంద్. దిల్‌సుఖ్‌నగర్‌లో దుకాణాలు మూసి ఉన్నాయి, బస్సులు లేవు. అయినా ఆఫీసరు మూసారాంబాగ్ నుంచి నడిచి వచ్చాడు. కోస్తా మనిషి. కట్ట మీద బట్టలు ఉతికేవాళ్లు ఆయన మాటతీరు విని మొహాలు తిప్పుకున్నారు. పడవను ఉంచాలా, పాత ఇనుము కింద తీసెయ్యాలా అన్నది చూసి రాయడానికి వచ్చాడాయన. తీసేస్తే నాయనను ఎక్కడో అడవిలో ఉన్న డ్యామ్ కాపలాకు పంపుతారట. అమ్మకు ఉబ్బసం. దగ్గర్లో దవాఖాన లేని చోట ఎట్లా బతుకుతామని వారం రోజులుగా ఇంట్లో అదే మాట.

కారియర్‌తో అప్పటికే పడవలో కూర్చున్న నన్ను ఆఫీసరు ఎక్కాక కూడా దిగమని ఎవరూ అనలేదు, నేనూ దిగలేదు.

చెరువు నడిమికి పోయేసరికి మోటారు ఒక్కసారి మూలిగి, ఆ వెంటనే బరువేమీ లేనట్టు గట్టిగా అరవడం మొదలుపెట్టింది. పడవ మాత్రం ఆగిపోయింది. నాయన మోటారు ఆపాడు. పెట్రోలు డబ్బా వైపు చూడనే లేదు. మోటారు అరిచిందంటే పెట్రోలు అందుతున్నట్టే. గేరు కడ్డీ ముందుకే ఉంది. ఇక మిగిలింది నీళ్ల కింద ఉన్నదే. మోటారును పైకి వంచాడు.

రెక్కల చుట్టూ తంగేడు పుల్లలు, గునుగు కాడలు, వాటి మధ్య బిగుసుకుపోయిన నీలి నైలాన్ తాడు.

ఆ తాడును నేను గుర్తుపట్టాను. మూడు రోజుల కిందట సద్దుల బతుకమ్మ. నీళ్లలో వదలగానే అందరి బతుకమ్మలూ విడిపోతాయి. నాది మాత్రం చెదరకుండా అవతలి ఒడ్డు దాకా పోవాలని, నాయన వలలకు వాడగా మిగిలిన తాడుతో అడుగు నుంచి పైదాకా చుట్టాను.

“నైలాన్ తాడంటే వలదే కదా,” అన్నాడు ఆఫీసరు. “నీ చెరువులో దొంగవలలు వేస్తున్నారన్నమాట. నువ్వేం చూస్తున్నావయ్యా?”

నాయన తాడును చూశాడు, తర్వాత నన్ను చూశాడు. “ఏమో సార్, నేను జూడలే.”

నాకు నోరు ఆగలేదు. “గది నాదే సార్. బతుకమ్మ ఇడిపోవద్దని కట్టిన. మా నాయినకు తెల్వదు.”

ఆఫీసరు ఒక గునుగు కాడను తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆ పండగ తమ వైపు లేదన్నాడు. నాయన తాడు కోసి ముక్కలు జేబులో వేసుకుని, మోటారును దించి మళ్లీ స్టార్టు చేశాడు. అదే అరుపు. పడవ అంగుళం కూడా కదల్లేదు. లోపల పళ్ల చక్రాలు పోయాయని, ఇక చూసేదేమీ లేదని ఆఫీసరు పుస్తకం తెరిచాడు.

నాయన జర ఆగమన్నాడు. మోటారు ఆపి, మళ్లీ పైకి వంచి, గేరు తియ్యకుండానే రెక్కను చేత్తో తిప్పితే బొంగరంలా తిరిగింది. నట్టు విప్పి రెక్క ఊడదీస్తే ఇత్తడి చీల రెండు ముక్కలై అరచేతిలో పడింది. రెక్కను ఇరుసుకు పట్టి ఉంచేది ఆ చీలే. తాడు బిగుసుకోగానే అది తెగింది. చక్రాలకు ఏమీ కాలేదు. కాని సామాన్ల డబ్బాలో ఇంకో చీల లేదు. నేను తొందరపడి ఒక పొడుగు మేకు అందించాను.

“ఇనుము వద్దు బిడ్డా. మళ్ల ఏదన్న తట్టుకుంటే లోపలి పండ్లే ఇరుగుతయి. ఇరగాల్సింది చీల.”

అప్పుడు ఆయన చూపు కారియర్ మీద పడింది. గిన్నెలు జారకుండా పిడికి దూర్చే చీల ఇత్తడిది. అమ్మ దాన్ని చింతపండుతో తోమి తళతళలాడించేది.

“మీ అమ్మకు నువ్వే చెప్పాలె,” అన్నాడు.

నేనే లాగి ఇచ్చాను. పట్టుకారుతో కొలతకు తెంపి, ఆకురాయితో రాసి దూర్చాడు. మోటారు స్టార్టు చేయగానే పడవ ముందుకు దూకింది. ఆఫీసరు మూడు చుట్లు తిప్పించాడు, వెనక్కి కూడా నడిపించాడు. కట్ట దగ్గర దిగి, పడవ ఉంచవచ్చని రాసి, అలాంటి చీలలు నాలుగు చేయించి పెట్టుకోమని నాయనకు చెప్పాడు.

“అమ్మాయ్, వచ్చే ఏడు అరటినారతో కట్టుకో,” అని మళ్లీ మూసారాంబాగ్ దారి పట్టాడు.

ఇంటికొచ్చి అమ్మకు అంతా చెప్పాను. చీల పోయిందని అమ్మ పిడి తొర్రలో వేలు పెట్టి చూసి, కారియర్‌ను పక్కకు నెట్టింది. మర్నాడు కారియర్ సర్ది, నాయన విడిచిన చొక్కా జేబులోంచి ఆ నీలి తాడు ముక్క తీసి గిన్నెలకు తనే గట్టిగా ముడివేసి, నా చేతికిచ్చింది.