కణాలతో చుట్టరికం కలిపే పెద్దసారు

మా పెద్దసారుకు ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. ఎవరు కనబడినా కలలోంచి లేచినట్టు చూసి, "ఎవరి పిల్లవమ్మా నువ్వు?" అంటారు. మనుషుల్నయితే సర్దుకుపోవచ్చు. మైక్రోస్కోపులో కణాల్ని కూడా అలాగే పలకరిస్తారు! ఒంట్లో లేచిన గడ్డ ఏ రకానిదో తేల్చడం మా ల్యాబు పని. ముక్కలు పల్చగా కోసి రంగులు వేసివ్వడం నా పని. కలలు కనడం ఆయన పని.

"కణాలు ఊరికే అంటుకుని ఉండవు. ఒకదాన్నొకటి పట్టుకోవడానికి వాటికి చేతుల్లాంటి అణువులుంటాయి. ఏ చేత్తో పట్టుకుందో కనిపెడితే ఏ ఇంటిదో తెలిసిపోతుంది," అంటూ కిటికీలోంచి మబ్బుల వంక చూస్తారు. చూస్తూ చూస్తూ టీ అనుకుని నా రంగు సీసా అందుకుంటారు. నేను లాక్కుంటాను.

ఓసారి ఒక దర్జీ ఆవిడకు ముంజేతి కండలో గడ్డ లేచింది. రక్తనాళాలు ముద్దగా పెరిగిన మామూలు గడ్డయితే దాన్ని తీసేస్తే సరి. సర్జన్ గారు అనుమానించిన మొండి క్యాన్సరైతే చెయ్యే తియ్యాల్సి రావచ్చు. రక్తనాళాల కణాలు పట్టుకునే అణువు ఉందేమోనని, ఉంటే గోధుమరంగు తేల్చే మందు వేశాను. ఎక్కడా రంగు పట్టలేదు.

సర్జన్ గారు ఊడిపడ్డారు. "ఇంకేం సార్, తేలిపోయిందిగా! క్యాన్సరని రాసెయ్యండి."

"ఉండు నాయనా. ముందు ఇంటివాళ్ళని పలకరించనీ."

"మధ్యలో ఇంటివాళ్ళెవరండీ బాబూ?"

"గడ్డ పక్కనే మంచి రక్తనాళం ఉంది చూడు. దానికి రంగు పట్టి తీరాలి. దానికే పట్టలేదంటే తప్పు మందుది, గడ్డది కాదు."

చూస్తే నిజంగానే దానికీ పట్టలేదు. కొత్త సీసా తెరిచి మళ్ళీ మొదలుపెట్టాను. సర్జన్ గారు తల బాదుకుంటూ వెళ్ళారు.

మర్నాడు స్లైడు సిద్ధమయ్యేసరికి సారు లేరు. వెతగ్గా వెతగ్గా బయట వరండా బల్ల మీద దొరికారు, దర్జీ ఆవిడ పక్కన. ఎవరి పిల్లవని అడిగినట్టున్నారు, ఆవిడ మేనత్తల్నీ పెదనాన్నల్నీ దాటి తోడికోడలి తమ్ముడి దాకా వచ్చేసింది. నవ్వుతోంది కూడా. ఒళ్ళో సారు కోటు, చేతిలో సూది, బొత్తాం. నాకు ఒళ్ళు మండిపోయింది. అవతల ఆ చెయ్యి ఉంటుందో ఉండదోనని నేను చస్తుంటే, ఈయనకు బొత్తాలు కావాల్సొచ్చాయా!

లోపలికి లాక్కొచ్చి స్లైడు చూపించాను. మంచి రక్తనాళానికి రంగు పట్టింది. గడ్డ కణాలకూ పట్టింది. బుద్ధిగా, ఒక్క వరసలో, చిన్న చిన్న గొట్టాల చుట్టూ ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడ్డాయి. సారు చాలాసేపు చూశారు.

"రక్తనాళాల పిల్లలే. అల్లరి లేదు," అని, చెప్పులు వదిలేసి వరండాలోకి పరిగెత్తారు.

"అమ్మా, నీ చెయ్యి ఎక్కడికీ పోదు. గడ్డ మటుకు తీసేస్తారు."

ఆవిడ బావురుమంది. నేనూ ఏడ్చాను, చెప్పుకోవడానికి సిగ్గేమిటి? కాసేపటికి ఆవిడ కళ్ళు తుడుచుకుని, దారం కొరికి, కోటందించింది.

"సార్, బొత్తాం దానంతటది ఊడితే దారం పీచులు పీచులుగా ఉంటుంది. ఇది నున్నగా కత్తెరతో కోసినట్టుంది. పొద్దుట్నుంచి నా చేతులు వణుకుతున్నాయని చూసి పని కల్పించారు, కదూ?"

సారు మబ్బుల వంక చూస్తూ అన్నారు, "రెండోది కూడా కాస్త వదులుగానే ఉందమ్మా."